బట్టతల గిన్నెలు

హోటలువాళ్ళు అడిగిన గిన్నెలు మొదటి బట్టీలో పాడయ్యాయి. రెండో బట్టీ తలుపు తీసేసరికి పెద్దల్లుడు పూత కలిపే గ్లేజు గది గుమ్మంలోంచి తొంగి చూశాడు.

లోపల నూట ఇరవై నీలం గిన్నెలు. నీలం అన్నది పేరుకే. ఒక్కోదానికి ఒక్కోచోట పూత ముడుచుకుని పక్కకి పోయింది, మధ్యలో బోడిమట్టి బయటపడి పళ్ళికిలిస్తోంది. ఆ కార్ఖానాలో ఈ జబ్బు పేరు బట్టతల. పూత మీద సన్నని చిల్లులు పడితే సూదిపోట్లు, గీతలు గీతలుగా చిట్లితే సాలెగూడు, ఇలా ఊడిపోతే బట్టతల. పేర్లకేం, ఎన్నయినా పెట్టొచ్చు. వైద్యం చేసేవాడెవడు?

"అల్లుడుగార్లూ, ఇద్దరూ ఒకసారి ఇలా దయచేస్తారా?" అంది అత్తగారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆవిడ మామూలుగా ఉన్నప్పుడు అల్లుళ్ళని 'నువ్వు' అంటుంది, 'ఏం వెలగబెట్టావు' అంటుంది, తిన్న కంచం తియ్యకపోతే పేరంటం పిలుపులా ఇల్లంతా వినబడేట్టు తిడుతుంది. కోపం నిజంగా తలకెక్కిందంటే మాత్రం మర్యాద మొదలవుతుంది. 'గారు' చెవిన పడిందంటే ఇంక ఆ పూట ఎవరికీ శాంతి ఉండదు.

పెద్దల్లుడు గ్లేజు గదిలోంచి వచ్చాడు. చిన్నల్లుడు బట్టీ దగ్గరే ఉన్నాడు, కళ్ళకి పెట్టుకునే నల్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని. ఇద్దరి మధ్యా ఒక మనిషి పడుకునేంత దూరం. అత్తగారు చిన్న సుత్తి తీసుకుంది. ఒక్కో గిన్నె ఎత్తడం, తిప్పి చూడడం, రేకుడ్రమ్ములో పెట్టి టప్పున కొట్టడం. ఒక్కటి కూడా వదల్లేదు. పక్కగదిలో కుమ్మరిసారె ముందు కూర్చున్న ఆవిడ పెద్దకూతురు, అంటే పెద్దల్లుడి భార్య, తల ఎత్తలేదు. ఆ గిన్నెలన్నీ సారె మీద తిప్పి చేసింది ఆ మనిషే.

"బకెట్లో ఏం కలిపారో ఏమో, ఊడి చచ్చింది," అన్నాడు చిన్నల్లుడు, బట్టీతో చెబుతున్నట్టు.

"మంట పెట్టడం చేతకానివాడు బకెట్లో తొంగి చూస్తాడట," అన్నాడు పెద్దల్లుడు, గోడతో చెబుతున్నట్టు.

తోడల్లుళ్ళిద్దరూ మాట్లాడుకోక ఆరేళ్ళయింది. మామగారు ఉన్నంతకాలం గ్లేజూ మంటా రెండూ ఆయన చేతిలోనే ఉండేవి. ఆయన పోయాక పెద్దవాడికి గ్లేజు గది, చిన్నవాడికి బట్టీ వచ్చాయి. నెల తిరక్కుండానే ఎవరో చుట్టాల ముందు చిన్నల్లుడు "రంగునీళ్ళు కలపడం కూడా ఒక విద్యేనా?" అని నవ్వాడు. పెద్దల్లుడు "పొయ్యి ఊదేవాడికి విద్య గురించి ఎందుకు?" అన్నాడు. అంతే! అది మొదలు ఒకే కప్పు కింద పనిచేస్తూ, ఒకే బల్ల మీద తింటూ ఉప్పూ నిప్పులా ఉన్నారు. ఒకడికి నీళ్ళ చెంబు కావాలంటే రెండోవాడి ముందునుంచి చెయ్యి చాపి తీసుకుంటాడు గానీ ఇమ్మని అడగడు. ఏం మనుషులో!

పని మాత్రం ఎలాగోలా నడిచిపోయేది. రెండు గదులకీ మధ్య గోడలో ఒక కిటికీ ఉంది. తిప్పి ఆరబెట్టిన గిన్నెల్ని చిన్నల్లుడు ముందు ఒకసారి పూత లేకుండా ఉత్తినే కాలుస్తాడు. అలా కాలిన గిన్నెల్ని చెక్కపలక మీద పేర్చి కిటికీలో పెట్టి, పిలిచినట్టు కిటికీ తలుపు మీద రెండుసార్లు కొడతాడు. పెద్దల్లుడు తీసుకుని గ్లేజులో ముంచి, ఆరబెట్టి, మళ్ళీ కిటికీలో పెట్టి రెండుసార్లు కొడతాడు. అప్పుడు రెండో కాల్పు. ఆరేళ్ళ కాపురం ఆ నాలుగు కొట్టుళ్ళతోనే వెళ్ళిపోయింది.

అత్తగారు చివరి గిన్నె కూడా కొట్టేసి సుత్తి కింద పెట్టింది.

"హోటలువాళ్ళు ఇంకొక్కసారి ఆగుతామన్నారు. మళ్ళీ నూట ఇరవై తిప్పుతుంది నా కూతురు. ఈసారీ ఇదే అయితే తప్పెవరిదో తేలుస్తాను. ఎవరిదైతే వాళ్ళు తమ గది తాళం నా చేతిలో పెట్టి, పెరట్లోకి వెళ్ళి మట్టి తొక్కుకోవచ్చు. అర్థమైందా అండీ?"

పెద్దల్లుడు తన గది తలుపు వైపు చూశాడు. పద్దెనిమిదేళ్ళుగా గ్లేజు పని చేస్తున్నాడు, పన్నెండేళ్ళు మామగారి చేతికింద, ఆరేళ్ళు సొంతంగా. ఆ గదిలో ఏ డబ్బాలో ఏ పొడి ఉందో కళ్ళు మూసుకుని చెబుతాడు. జల్లెడ పట్టిన చప్పుడు బట్టి పొడి నలిగిందో లేదో చెబుతాడు. బయట ఆయన్ని ఎవరూ పట్టించుకోరు, ఇంట్లో పిల్లిని అదిలించినా అది కదలదు. ఆ గదిలో మాత్రం ఆయన రాజు. అలాంటిది నలభై ఎనిమిదేళ్ళ వయసులో పంచె ఎగ్గట్టి, కిటికీలోంచి ఆ చిన్నవాడు చూస్తుండగా మట్టి తొక్కడమా? చచ్చినా జరగనివ్వకూడదనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే గదిలో కూర్చుని మొదటినుంచీ తవ్వుకుంటూ వచ్చాడు. గిన్నెల మీద దుమ్ము ఉందా? లేదు, ప్రతిదీ తడి స్పాంజితో తుడిచాడు. చేతికి నూనె అంటిందా? లేదు, సబ్బుతో కడిగి గాని గిన్నె ముట్టుకోడు. గ్లేజు జల్లెడ పట్టలేదా? రెండుసార్లు పట్టాడు. మరి కొత్తగా చేసిందేమిటి? ఆలోచించగా ఒకటి తట్టింది. మొదటి బట్టీ అప్పుడు గిన్నెలకి పూత సరిగా అంటలేదు. మామూలుగా మూడు లెక్కపెట్టేలోపు కావలసినంత మందం వచ్చేది, ఆసారి ఆరు లెక్కపెట్టినా పల్చగానే ఉంది. అందుకని బకెట్టు మీద తేరిన నీళ్ళు కొంచెం వంపేసి గ్లేజు చిక్కబరిచాడు. రెండోసారి ఇంకాస్త చిక్కబరిచాడు. చిక్కటి పాలలా ఉండాల్సింది జావలా తయారైంది.

అంతవరకూ ఆయన తప్పు లేదు. పూత అంటకపోతే ఎవడైనా చిక్కబరుస్తాడు. కానీ అసలెందుకు అంటలేదు?

వారం తిరిగాక ఒక పొద్దున్న కిటికీలో టక్ టక్ అని చప్పుడైంది. మూడో బట్టీకి మొదటి పలక వచ్చింది. ఇరవై గిన్నెలు. ఒకటి తీసి నాలుక ఆనించాడు. సరిగ్గా కాలిన మట్టి నాలుకని పట్టుకుంటుంది, లాగితే గాని వదలదు. ఇది పట్టుకోలేదు. గాజు నాకినట్టుంది! వేలితో నీటిచుక్క వేశాడు. పీల్చుకోవాల్సిన చుక్క అక్కడే కూర్చుని ఉబ్బుగా మెరుస్తోంది. గోటితో కొడితే ఖంగుమంది. కాలాల్సినదానికంటే చాలా ఎక్కువ కాలింది. మట్టిలో నీళ్ళు పీల్చే రంధ్రాలన్నీ మూసుకుపోయాయి. అలాంటి గిన్నెకి చిక్కటి గ్లేజు పూస్తే మీద మీదే కూర్చుంటుంది, ఆరేటప్పుడు పగులుతుంది, మంటలో ఆ పగుళ్ళ దగ్గర చుట్టుకుపోయి బట్టతల వస్తుంది.

"ఓరి వీడి దుంపతెగ," అన్నాడు పెద్దల్లుడు పైకే. ఎందుకలా కాల్చాడో కూడా తెలిసిపోయింది. మూణ్ణెల్ల కిందట సూదిపోట్లు వచ్చినప్పుడు, "మొదటి కాల్పు పచ్చిగా ఉంటే ఇంతే, లోపలి గాలి రెండో కాల్పులో తన్నుకొస్తుంది, మంటంటే భయపడేవాడికి బట్టీ ఎందుకు?" అని అందరూ వింటుండగా కడిగేశాడు తను. దాంతో వాడికి కాలింది. ఎవరికీ చెప్పకుండా వేడి పెంచేశాడు. చెబితే అప్పటి తప్పు ఒప్పుకున్నట్టవుతుందిగా మరి!

ఇప్పుడు పెద్దల్లుడు చెయ్యాల్సిన పని చాలా చిన్నది. నాలుగడుగులు వేసి కిటికీలోంచి ఒక్క మాట అనాలి. 'గట్టిగా కాలుస్తున్నావు, తగ్గించు' అంటే చాలు. పోనీ వాడితో మాట్లాడడం ఇష్టం లేదు, అత్తగారితో అనొచ్చు. లేచాడు కూడా. తలుపుదాకా వెళ్ళి ఆగాడు.

చెబితే ఏమవుతుంది? వాడు తల గోక్కుంటాడు, వేడి తగ్గిస్తాడు, గిన్నెలు బాగా వస్తాయి, అత్తగారు 'సరేలే' అంటుంది. మళ్ళీ వాడు ఆ బట్టీ దగ్గరే నల్లద్దాలు పెట్టుకుని కూర్చుంటాడు. రంగునీళ్ళు అని మళ్ళీ నవ్వుతాడు. చెప్పకపోతే? మూడో బట్టీ కూడా పోతుంది. అప్పుడు అందరి ముందూ తను ఈ గిన్నె తీసి చూపిస్తాడు. తాళం వాడి మొలలోంచి ఊడుతుంది. జన్మలో మళ్ళీ బట్టీ ముట్టుకోడు.

ఆ ఊహకే ఒళ్ళు పులకరించింది పెద్దమనిషికి. వెనక్కొచ్చి, పలకలోంచి నాలుగు గిన్నెలు తీసి సాక్ష్యానికి బల్లకింద దాచాడు. మిగతావాటిని ఆ జావలోనే ముంచడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం కుళాయి దగ్గర భార్య కనబడింది. ఎడమ మణికట్టుకి గుడ్డ చుట్టుకుని, కుడిచేత్తోనే మట్టి కడుక్కుంటోంది. రెండుసార్లు పగిలినవాటికి బదులు మళ్ళీ తిప్పి తిప్పి ఆ చెయ్యి వాచింది.

"ఏమైనా తెలిసిందా అండీ?" అంది.

"ఏమిటి?"

"లోపం ఎక్కడుందో. పొద్దున్నుంచీ లోపలే ఉన్నారుగా."

"తెలుస్తుందిలే. అందరికీ ఒకేసారి తెలుస్తుంది."

ఆవిడ మొహంలోకి చూసింది. "ఈసారి నిలుస్తాయా?"

"నన్నెందుకు అడుగుతావు? మీ మరిదిగారిని అడుగు, మహా విద్వాంసుడు."

"మీ ఇద్దరి గొడవ నాకొద్దు. ఇంకా యాభై తిప్పాలి. నిలవవని తెలిస్తే ఇప్పుడే చెప్పండి, ఆపేస్తాను."

అదుగో, రెండో అవకాశం. చేతిలో పెట్టినట్టే ఇచ్చింది. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "నీ పని నువ్వు చూసుకో," అన్నాడు. ఆవిడ వెళ్ళి సారె తిప్పుకుంది.

పది రోజుల్లో నూట పదహారుకీ పూత పూర్తయింది. లెక్క తగ్గిందేమని చిన్నకూతురు అడిగితే నాలుగు విరిగాయన్నాడు. ఆరిన పూత మీద వెంట్రుకల్లాంటి పగుళ్ళు కనబడుతున్నాయి. మామూలుగా అయితే వేలితో మెల్లిగా రుద్ది పూడ్చేవాడు, అది చిన్నపిల్లకైనా చేతనయ్యే పనే. ఈసారి చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. వేళ్ళు ఊరుకోలేదు, పాపం, పద్దెనిమిదేళ్ళ అలవాటు కదా. ఒక గిన్నె మీదకి చెయ్యి తనంతట తనే పోయింది కూడా. లాక్కున్నాడు. పలకలు కిటికీలో పెట్టి టక్ టక్ అని కొట్టాడు.

బట్టీ తెరిచిన రోజు పొద్దున్న అందరూ వచ్చారు. అత్తగారు సుత్తి పట్టుకునే వచ్చింది. చిన్నకూతురు తల్లి వెనక నిలబడింది. పెద్దకూతురు చేతులకి మట్టితోనే వచ్చి గుమ్మానికి ఆనుకుంది. చిన్నల్లుడు గడియ తీశాడు. పై అరలో మొదటి గిన్నె చూడగానే వాడి మొహం మాడిపోయింది.

బట్టతల. పైనుంచి కిందిదాకా, ఒక్కటి మిగలకుండా.

"చూశారుగా అత్తయ్యా!" అన్నాడు చిన్నల్లుడు. "ఆ బకెట్లో కర్ర నిలబెడితే నిలబడుతుంది. అంత చిక్కగా ఎవడైనా పూస్తాడా?"

పెద్దల్లుడు తొందరపడలేదు. ఈ ముచ్చట కోసం రెండు వారాలు ఆగినవాడు, ఇంకో నిమిషం ఆగలేడా? లోపలికెళ్ళి నాలుగు గిన్నెలూ తెచ్చి బల్లమీద వరసగా పెట్టాడు. ఒకటి అత్తగారి చేతికిచ్చాడు.

"నాలుక ఆనించండి."

ఆవిడ అనుమానంగా చూసి ఆనించింది.

"పట్టుకుందా?"

"లేదు."

నీటిచుక్క వేసి చూపించాడు. గోటితో కొట్టి వినిపించాడు. ఇంకెవరికైనా సందేహం ఉంటుందేమోనని మిగతా మూడూ కూడా కొట్టాడు. "మట్టిని మాడ్చి గాజు చేసి నా కిటికీలో పెట్టాడు. నీళ్ళే తాగని గిన్నె పూత ఏం తాగుతుంది? అంటకపోబట్టి చిక్కబరిచాను. ఇప్పుడు అడగండి, ఎంత వేడి పెట్టాడో."

అత్తగారు చిన్నల్లుడి వైపు తిరిగింది. "ఏమండీ చిన్నల్లుడుగారూ?"

వాడు నేలచూపులు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "సూదిపోట్లు రాకూడదని పెంచాను," అన్నాడు చివరికి. "అవి రాలేదుగా."

"ఎవరికి చెప్పి పెంచారు?"

వాడు నుదుటి మీది నల్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"తాళం."

వాడు మొలతాడులోంచి తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. వాడి భార్య మొహం తిప్పుకుంది. పెద్దల్లుడికి ఆ క్షణంలో ఎంత హాయిగా ఉందో చెప్పడానికి మాటలు చాలవు. ఆరేళ్ళ మంట చల్లారింది. అక్కడితో నోరు మూసుకుని గదిలోకి వెళ్ళిపోయి ఉంటే కథ వేరేలా ఉండేది.

కానీ చిన్నల్లుడు ఊరుకుంటాడా? అన్నీ పోయినవాడికి ఇంక భయమేముంది? ఆరేళ్ళలో మొదటిసారి తోడల్లుడి మొహంలోకి చూసి మాట్లాడాడు.

"నా తప్పు నేను ఒప్పుకున్నాను. నీ సంగతి చెప్పు. గిన్నె గట్టిగా కాలితే మామగారు చేతులెత్తేసేవారా? ఎలాంటి మట్టికైనా పూత పట్టించేవారు. ఆయన దగ్గర పన్నెండేళ్ళు చేసి నువ్వు నేర్చుకుందేమిటి? చిక్కబరచడం! అది నేనూ చేస్తాను. నీకు చేతకాదు, అది చెప్పు ముందు. చేతకాని పనివాడివి."

అంతే, పెద్దల్లుడు ఒంటికాలి మీద లేచాడు.

"నాకా? నాకు చేతకాదా? ఒరే, గట్టి గిన్నెకి పూత పట్టించడం నాకు ఎడంచేతి పనిరా! పొయ్యి పక్కన పెట్టి చెయ్యి చురుక్కుమనేదాకా వేడి చేస్తాను. గ్లేజులో పిసరంత జిగురు కలుపుతాను. పల్చగా ఒకసారి ముంచి, ఆరాక ఇంకోసారి ముంచుతాను. పగులొస్తే వేలితో రుద్ది పూడుస్తాను. నూట ఇరవైకి నూట ఇరవై అద్దంలా వస్తాయి! ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి బట్టతల వస్తే నా చెయ్యి నరుక్కుంటాను! నాకు చేతకాదట!"

గది అంతా ఆ మాటలతో నిండిపోయి, తర్వాత ఖాళీ అయింది.  చిన్నల్లుడు నోరు కొంచెం తెరుచుకుని చూస్తున్నాడు. పెద్దల్లుడు రొప్పుతూ చుట్టూ చూశాడు. ఇందాక తనవైపున్న మొహాలు ఇప్పుడు అలా ఎందుకున్నాయో వెంటనే అర్థం కాలేదు.

గుమ్మం దగ్గరనుంచి భార్య అడిగింది, గొంతు పెంచకుండా.

"మరి చెయ్యలేదేం?"

ఆయన బల్లమీది గిన్నెల్ని దగ్గరకి లాక్కున్నాడు.

"గట్టిగా కాలాయని మీకెప్పుడు తెలిసింది?" అంది మళ్ళీ.

"అది... వాడు వేడి..."

"మరిది సంగతి అమ్మ చూసుకుంది. నేను మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ నాలుగూ విరిగాయన్నారు. దాచినప్పుడే తెలుసుగా? కుళాయి దగ్గర నేను అడిగినప్పుడు తెలుసుగా?"

తెలియదని ఒక అబద్ధం ఆడితే సరిపోయేది. ఇందాకే అన్నన్ని ప్రగల్భాలు పలికిన నోరు ఆ ఒక్క మాటకి పెగల్లేదు.

"తెలిసే నాచేత ఇంకో యాభై తిప్పించారు," అంది. "వాడి మీద కసి తీర్చుకోవడానికి మీకు నా గిన్నెలే దొరికాయి."

అత్తగారు చిన్నల్లుడి తాళంచెవిని కొంగుకి ముడేసుకుంటోంది. ముడి పూర్తయ్యాక రెండో చెయ్యి చాపింది. 'గారు' అనలేదు, 'మీరు' అనలేదు, 'నువ్వు' కూడా అనలేదు. ఊరికే చెయ్యి చాపి నిలబడింది.

"అత్తయ్యా, నేను లేకపోతే ఆ గది ఎవరు..." అన్నాడు పెద్దల్లుడు. 

"జిగురు కలపాలి, వేడి చెయ్యాలి, పల్చగా రెండుసార్లు ముంచాలి, వేలితో రుద్దాలి," అంది పెద్దకూతురు. "ఇప్పుడేగా అంతా చెప్పారు."

పెద్దల్లుడు తాళంచెవి ఇచ్చి, అలవాటుకొద్దీ తన గది గుమ్మంలోకి నడిచాడు. అత్తగారు దాన్ని అలాగే పెద్దకూతురి చేతిలో పెట్టింది. ఆవిడ గ్లేజు గది వైపు నడిచింది. ఆయన సరిగ్గా ఆ గుమ్మంలోనే నిలబడిపోయి ఉన్నాడు, ఎటు పోవాలో తెలియక.

"కాస్త జరగండి," అంది.

జరిగాడు.